కొండల కింది కౌన్సిల్: మెర్తిర్ టిడ్‌విల్ నుంచి నాన్నకు

నాన్నగారికి నమస్కారాలు.

అక్కడ మున్సిపాలిటీ ఎలా నడుస్తుంది, ఎవరి చేతిలో ఏముంటుంది అని మొన్న ఫోన్లో అడిగారు. డ్యూటీకి వెళ్లే హడావిడిలో సరిగ్గా చెప్పలేకపోయాను. సర్వీసంతా కొత్తగూడెం మున్సిపాలిటీ ఇంజనీరింగ్ సెక్షన్లో చేసిన మీకు పైపైన చెబితే తృప్తి ఉండదు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

ముందు ఊరు ఎలా ఉంటుందో చెప్తాను. ఇది బ్రిటన్‌లోని సౌత్ వేల్స్‌లో, వేల్స్ రాజధాని కార్డిఫ్ నుంచి ఉత్తరంగా రైల్లో గంట దూరం. బ్రెకన్ బీకన్స్ కొండల్లో పుట్టిన రెండు ఏర్లు మా ఊరికి ఎగువన కలిసి టాఫ్ నదిగా మారి, దక్షిణంగా కార్డిఫ్ దాకా వెళ్లి సముద్రంలో కలుస్తాయి. నదికి రెండు వైపులా ఏటవాలు కొండలు. ఆ సందులోనే రైలు పట్టాలు, రోడ్డు, వాలు వెంట వరసగా ఇళ్లు. బరో, అంటే ఈ కౌన్సిల్ పరిధి, మొత్తం 111 చదరపు కిలోమీటర్లు. 2021 లెక్కల్లో జనాభా 58,866. మన కొత్తగూడెం కన్నా తక్కువే! వేల్స్‌లో ఉన్న 22 కౌన్సిళ్లలో జనాభాపరంగా ఇదే అన్నిటికన్నా చిన్నది.

కానీ ఒకప్పుడు వేల్స్‌లోకెల్లా పెద్ద పట్టణం ఇదేనట. ఊళ్లోనే 1759లో డౌలైస్‌లో, 1765లో కవార్త్వాలో ఇనుము కొలుములు మొదలయ్యాయి. 1804లో ట్రెవితిక్ అనే ఇంజనీరు తయారుచేసిన ఆవిరి ఇంజను ఇక్కడి పెనిడారెన్ నుంచే ఇనుము లాక్కుంటూ పట్టాల మీద కిందికి వెళ్లింది. ఆ తర్వాత బొగ్గు. ఆ బలంతోనే 1908లో కౌంటీ బరో హోదా వచ్చింది, 1974లో పోయింది, 1996లో మళ్లీ దక్కింది. ఇంత చిన్న కౌన్సిల్ ఎందుకు, పక్కనున్న రోండా కానన్ టాఫ్‌లో కలిపేయండి అని 2014లో ఒక కమిషన్ సిఫారసు చేసింది. అది అమలు కాలేదు. ఖర్చు గురించి వాళ్లు చెప్పిన దాంట్లో నిజముంది. అయినా కలపకపోవడమే మంచిదైందని నాకు అనిపిస్తుంది. ఎందుకో కింద రాస్తాను.

కౌన్సిల్‌లో 11 వార్డులకు 30 మంది సభ్యులు. మేయర్ ఉంటారు గానీ అది ఏడాదికోసారి మారే గౌరవ పదవి. అసలు నిర్ణయాలు లీడర్, క్యాబినెట్ తీసుకుంటారు. మన కమిషనర్ లాగా చీఫ్ ఎగ్జిక్యూటివ్ ఉంటారు. పైన జిల్లా పరిషత్ లాంటిదేమీ లేదు. బళ్లు, రోడ్లు, వృద్ధుల సంరక్షణ, చెత్త, లైబ్రరీలు, ఇంటి ప్లాను అనుమతులు అన్నీ ఈ ఒక్క ఆఫీసే చూస్తుంది. మా హాస్పిటల్ మాత్రం దీని కింద లేదు, మూడు బరోలకు కలిపి వేరే హెల్త్ బోర్డు ఉంది. మన గ్రామ పంచాయతీ లాంటిది బరో మొత్తానికి బెడ్లినాగ్, ట్రెలూయిస్ వైపు ఒక్కటే ఉంది. ఇంటి విలువను బట్టి కౌన్సిల్ ట్యాక్స్ కడతాం, కానీ నిధుల్లో ఎక్కువ భాగం కార్డిఫ్‌లోని వేల్స్ ప్రభుత్వం నుంచే వస్తుంది.

ఇక మీకు తప్పకుండా చెప్పాలనుకున్న సంగతి. నదికి దిగువన అబర్‌వాన్ అని చిన్న ఊరుంది. దాని పైన కొండ మీద గని వ్యర్థాలను గుట్టలుగా పోసేవాళ్లు, మన దగ్గర ఓపెన్‌కాస్టు గనుల్లో బొగ్గు పైమట్టి పోసే ఓబీ గుట్టల్లాగే. ఏడో నంబరు గుట్టను నీటి ఊటల మీద పోశారు. స్కూళ్ల వెనక ఆ బొగ్గు బురద ప్రమాదకరమని ఇక్కడి బరో ఇంజనీరు 1963లోనే లెటర్లు రాశారు. గని నేషనల్ కోల్ బోర్డు అనే ప్రభుత్వ సంస్థది. ఉత్తర ప్రత్యుత్తరాలు నడిచాయి, గుట్ట మాత్రం పెరుగుతూనే పోయింది. 1966 అక్టోబరు 21 ఉదయం అది జారి పాంట్‌గ్లాస్ స్కూలు మీద పడింది. 144 మంది చనిపోయారు. వాళ్లలో 116 మంది పిల్లలు. తప్పు కోల్ బోర్డుదేనని విచారణలో తేలింది. అయినా మిగిలిన గుట్టలు తొలగించడానికి బాధితుల కోసం జనం ఇచ్చిన విరాళాల్లోంచే 1,50,000 పౌండ్లు తీసుకున్నారు. ఆ డబ్బు 1997లో తిరిగిచ్చారు, వడ్డీ లేకుండా! ఇప్పుడు ఆ స్కూలు ఉన్నచోట తోట ఉంది. అక్కడికి వెళ్లినప్పుడు నాకు మీరే గుర్తొచ్చారు. పై ఆఫీసుకు రాసిన లెటర్లకు జవాబు రాకపోతే మీరు అన్నం కూడా సరిగ్గా తినేవాళ్లు కాదు.

కౌన్సిల్‌ను పక్కదాంట్లో కలపకూడదని, కొండ వాలు తెలిసిన ఇంజనీరు ఊళ్లోనే ఉండాలని నేననేది అందుకే. ఆ పని ఇంకా అయిపోలేదు. 2024 చివర్లో తుఫాను వానలకు ఇక్కడి పాంట్ అనే పేటలో రోడ్డు కింద పాత కల్వర్టు కూలి పెద్ద గొయ్యి పడింది. ముప్పై దాకా ఇళ్లవాళ్లను ఖాళీ చేయించారు. 2023 నవంబరులో మూతపడ్డ ఇక్కడి ఓపెన్‌కాస్టు బొగ్గు గని గుంతలో నీళ్లు చేరుతున్నాయి. ముందు ఒప్పుకున్నట్టు దాన్ని పూర్తిగా పూడ్చడానికి డబ్బు చాలదంటున్నారు. పాత గుట్టల కోసం వేల్స్ ప్రభుత్వం 2025లో ప్రత్యేక చట్టం తెచ్చింది, అది కొంత ఊరట.

ఇంకో సంగతి వింటే సంతోషిస్తారు. కామన్వెల్త్ దేశస్థులం కాబట్టి ఇండియన్ పాస్‌పోర్టుతోనే నాకు ఇక్కడ ఓటు ఉంది. పేరు నమోదు చేయించుకున్నాను. కౌన్సిల్ ఎన్నికలు 2027 మేలో. ఓట్ల కోసం వచ్చేవాళ్లను పాత కల్వర్టుల గురించి, ఆ గుంత గురించి గట్టిగా అడగాలనుకుంటున్నాను. ఇన్‌స్పెక్షన్ రిజిస్టరులో ఏమేం చూడాలి, ఏ ప్రశ్న వేస్తే తప్పించుకోలేరు, ఇవన్నీ మీకే బాగా తెలుసు. కాస్త వివరంగా రాసి పంపండి.

అమ్మను బీపీ మాత్రలు మానొద్దని చెప్పండి. ఆదివారం ఫోన్ చేస్తాను.

మీ చిన్నమ్మాయి