అడవిలోని గ్రావెల్ బాటలను సైకిళ్లకు తెరవాలి

సంపాదకుల వారికి నమస్కారం.

విజయవాడ, గుంటూరు నగరాల్లో తెల్లవారుజామున సైకిల్ మీద బయలుదేరేవారు కొన్నేళ్లుగా పెరుగుతూనే ఉన్నారు గానీ, వారు నిర్భయంగా తొక్కగలిగే దారి మాత్రం ఒక్కటీ పెరగలేదు. విజయవాడకు పడమరన 20 కిలోమీటర్ల దూరంలోనే కొండపల్లి రిజర్వు అడవి ఉంది. ఆ కొండల నడుమ అటవీశాఖ తన సిబ్బంది రాకపోకలకు, వేసవిలో మంటలార్పడానికి వాడుకునే గ్రావెల్ బాటలు ఉన్నాయి. వాటిలో అనువైన ఒకటి రెండింటిని ఎంచి, శాఖవారి వాహనాలు తప్ప మరే మోటారు వాహనమూ రాకుండా కట్టుదిట్టం చేసి, నిర్ణీత వేళల్లో సైకిళ్లకు, కాలినడకన వచ్చేవారికి తెరవాలని అటవీశాఖను, ఎన్టీఆర్ జిల్లా యంత్రాంగాన్ని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ప్రస్తుతం ఆ కొండల దాకా వెళ్లాలంటే హైదరాబాద్ జాతీయ రహదారే గతి. గొల్లపూడి దాటి గుంటుపల్లి, ఇబ్రహీంపట్నం మీదుగా సాగే ఆ దారిలో పక్కనుంచి టిప్పర్ దూసుకుపోతే ఆ గాలికి హ్యాండిల్ దానంతట అదే రోడ్డు అంచుకు లాగుతుంది. అంచు దిగితే తారుకూ మట్టికీ మధ్య నాలుగు వేళ్ల ఎత్తు తేడా ఉంటుంది. తిరిగి పైకెక్కబోయిన ముందు చక్రం ఆ అంచునే ఒరుసుకుంటూ పోయి మనిషిని పడేస్తుంది. పెద్దవాళ్లమే బిక్కుబిక్కుమంటూ తొక్కే ఆ రోడ్డు మీదికి పన్నెండేళ్ల పిల్లవాణ్ని ఏ తల్లిదండ్రులు పంపగలరు? కారుకు సైకిల్ కట్టుకుని అడవి దాకా వెళ్లే స్తోమత ఉన్నవారు కొద్దిమందే. అందువల్ల ఇబ్రహీంపట్నం నుంచి అడవి అంచు దాకా రహదారికి దూరంగా ఊళ్ల మీదుగా సాగే ఒక దారిని గుర్తించి, బోర్డులు పెట్టడం కూడా ఈ పనిలో భాగం కావాలి.

ఇది ఖరీదైన సైకిళ్లున్నవారి సరదా కదా అని కొందరు అనుకోవచ్చు. గ్రావెల్ బాటల కోసమని ప్రత్యేకంగా అమ్మే సైకిళ్లకు ఎక్కువగా 35 నుంచి 45 మిల్లీమీటర్ల వెడల్పు టైర్లు వేస్తారు. మన పాలవాళ్లు, తాపీమేస్త్రీలు దశాబ్దాలుగా తొక్కుతున్న నల్ల సైకిల్‌కు ఉండే 28 అంగుళాల చక్రానికి వేసే ఒకటిన్నర అంగుళం టైరు కూడా దాదాపు 40 మిల్లీమీటర్లే. కాబట్టి గట్టిపడిన గ్రావెల్ మీద మామూలు సైకిల్ కూడా నిక్షేపంగా నడుస్తుంది, కాస్త గాలి తగ్గించుకుంటే చాలు. నిటారు ఎక్కుడు వచ్చినచోట గేర్లు లేనివాళ్లు దిగి నడిపించుకుంటారు, అందులో నామోషీ ఏమీ లేదు.

అయితే బాట ఎలా ఉండాలన్నది బాగా ఆలోచించవలసిన విషయం. మన దగ్గర అభివృద్ధి అనగానే సిమెంటు రోడ్డు పోస్తారు, లేదా 40 ఎంఎం కంకర పరిచి రోలర్ తిప్పకుండా నెలల తరబడి వదిలేస్తారు. ఈ రెండూ ఇక్కడ పనికిరావు. సిమెంటు పడితే వారం తిరిగేలోపు కార్లు, మోటారు సైకిళ్లు వచ్చేస్తాయి. వదులు కంకరలో చక్రం కూరుకుపోయి సైకిల్ అదుపు తప్పుతుంది. చిన్న రాయి, ఇసుక, వాటిని పట్టి ఉంచడానికి కాస్త జిగురు మట్టి కలిసిన గ్రావెల్‌ను తడిపి, రోలర్‌తో అణిచి, బాట నడిమి భాగం కొంచెం ఎత్తుగా, రెండు వైపులా వాలుగా ఉంచితే వాననీరు బాట మీద నిలవకుండా పక్క కాలువలోకి దిగిపోతుంది. కొండవాలు నుంచి వచ్చే నీటికి అక్కడక్కడ అడ్డంగా తూములు వేయకపోతే ఒక్క వర్షాకాలంలోనే బాట వాగులా కోసుకుపోతుంది. గ్రావెల్ బాటకు ప్రధాన శత్రువు నీరు, ఆ తర్వాత ట్రాక్టర్ చక్రం. ఈ రెండింటినీ అదుపులో పెడితే ఏటా వానలు వెలిశాక ఒకసారి చేసే మరమ్మతు సరిపోతుంది.

అడవి బాటను ఇలా ఉపయోగించడం కొత్త సంగతేమీ కాదు. ఇంగ్లండ్ ఉత్తరాన కీల్డర్ అడవిలో జలాశయం చుట్టూ 26 మైళ్ల బాట ఉంది. నడిచేవారు, సైకిళ్లవారు, గుర్రాల మీద వచ్చేవారు దాన్ని కలిసి వాడుకుంటారు. జర్మనీలో 1975 నాటి అటవీ చట్టం అడవిలోని రోడ్ల మీద, బాటల మీద మాత్రమే సైకిల్ తొక్కనిస్తుంది, చెట్ల మధ్యకు పోనివ్వదు. ఆ దేశంలో బ్లాక్ ఫారెస్ట్ ఉన్న రాష్ట్రమైతే కనీసం రెండు మీటర్ల వెడల్పున్న బాట మీదే తొక్కాలని నియమం పెట్టుకుంది. స్వేచ్ఛ ఇచ్చిన చోట హద్దులు కూడా ఇంత స్పష్టంగా గీసుకున్నారు.

వాహనాలను ఆపడం మన అటవీశాఖకు చేతకాని పని కాదు. దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్లే దారిలో వన్యప్రాణుల కోసం రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల దాకా వాహనాలను చెక్‌పోస్టు దగ్గరే నిలిపివేస్తున్నారు. లక్షలాది భక్తులు వెళ్లే దారినే ఆపగలిగినవారికి కొండపల్లి అడవి అంచున ఉన్న మూలపాడు ఊరి దగ్గర ఒక ఇనుప గేటు, దాని పక్కన సైకిల్ మాత్రమే పట్టే సందు పెట్టడం పెద్ద కష్టం కాదు.

జనం వస్తే అడవి పాడవుతుందన్న భయం నాకూ ఉంది. కొండపల్లి ఖిల్లాకు వెళ్లే ఘాట్ రోడ్డు పక్కన ఆదివారం సాయంత్రానికి పేరుకునే సీసాలు, ప్లాస్టిక్ గ్లాసులు చూసినవారెవరికైనా ఆ భయం ఉండి తీరాలి. అందుకే 1967 నాటి అటవీ చట్టం ప్రకారం కావలసిన అనుమతిని తప్పనిసరి చేయాలి. గేటు దగ్గర పేరు రాయించి, వెంట తెచ్చిన సీసాలు, ప్యాకెట్లు లెక్కపెట్టి, తిరిగి వెళ్లేటప్పుడు మళ్లీ చూడాలి. సూర్యోదయం తర్వాతే లోపలికి వదలాలి, ఉదయం 10 గంటలకల్లా అందరినీ బయటికి పంపాలి. ఇది ఎండాకాలంలో ఆకు రాల్చే అడవి, ఒక్క బీడీ ముక్క చాలు కొండంతా అంటుకోవడానికి. కనుక ఫిబ్రవరి నుంచి వానలు పడేదాకా గేటు పూర్తిగా మూసివేసినా మాకు అభ్యంతరం లేదు. జంతువులు పిల్లలు పెట్టే చోట్ల దరిదాపులకు బాట పోకూడదు. ఆ చోట్లు ఎక్కడో సిబ్బందికే తెలుసు కాబట్టి దారిని ఎంచే పని వారిదే కావాలి.

సైకిళ్లకంటే ముందు ఆ బాటల మీద నడిచినవారు పశువులు మేపుకునేవారు, పుల్లలు ఏరుకునేవారు, బొమ్మల తయారీకి తెల్ల పొణికి కర్ర వెతుక్కుంటూ వెళ్లేవారు. వారికున్న వాడుక ఒక్కటీ తగ్గకూడదు. ప్రవేశ రుసుములో సింహభాగం ఆ ఊళ్లలోని వన సంరక్షణ సమితులకే చేరాలి. తూముల పూడికతీత, గేటు కాపలా, సైకిల్ పంక్చర్లు వేసే పని కూడా అక్కడి యువకులకే ఇవ్వాలి. మారేడుమిల్లిలో, నల్లమలలోని బైర్లూటిలో అటవీశాఖ స్థానికులతో కలిసి పర్యాటక విడుదులు నడిపిస్తోంది. అదే పద్ధతి ఇక్కడికీ సరిపోతుంది. దారి బొమ్మల కాలనీ మీదుగా ముగిసేలా చూస్తే కళాకారుల గుమ్మంలోకే కొనుగోలుదారులు వస్తారు. మరొక మేలు కూడా ఉంది. ఈ కొండల చుట్టుపక్కల గ్రావెల్, రాయి తవ్వకాల గురించి పత్రికల్లో ఎన్నోసార్లు వార్తలు వచ్చాయి. వారం వారం పౌరులు తిరిగే బాట పక్కన కొత్తగా ఒక గొయ్యి పడితే ఆ వారమే నలుగురికీ తెలుస్తుంది.

గుంటూరు వైపు కొండవీడు కొండల చుట్టూ కూడా ఇటువంటి బాటలకు అవకాశం ఉంది. కోట పైకి వేసిన ఘాట్ రోడ్డును వాహనాలకే వదిలి, కొండ పాదాన ఉన్న మట్టిదారులను పరిశీలించమని పల్నాడు జిల్లా అధికారులను కోరుతున్నాను.

ముందుగా మూలపాడు వైపు ఒకే ఒక్క బాటను, 15 కిలోమీటర్లకు మించకుండా, రాబోయే నవంబరు నుంచి జనవరి చివరి దాకా శని, ఆదివారాల్లో తెరిచి చూడాలి. ఆ మూడు నెలల్లో బాట ఎంత కోసుకుపోయింది, చెత్త ఎంత పడింది, ఊళ్లవారికి ఎంత ఆదాయం వచ్చింది అన్న వివరాలను అటవీశాఖ బహిరంగంగా ప్రకటించి, వాటిని బట్టే ఫిబ్రవరిలో తదుపరి నిర్ణయం తీసుకోవాలని మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
భవానీపురం, విజయవాడ.