చలికాలం చదువు, అంటే క్లాసు పుస్తకాలు కాదు

పేరెంట్స్ అందరికీ నమస్కారం,

ఈ నెల లెటర్లో ఫీజుల గురించి, పరీక్షల టైమ్‌టేబుల్ గురించి ఏమీ లేదండి, అవి వేరే సర్క్యులర్లో వస్తాయి. ఇది అచ్చంగా కథల పుస్తకాల గురించి. చలికాలం వచ్చేసింది, పెందలాడే చీకటి పడిపోతోంది, పిల్లలు ఆటలు ఆపేసి తొందరగా ఇంట్లోకి వచ్చేస్తున్నారు, అప్పట్నించి పడుకునేదాకా ఉన్న టైమంతా ఫోన్‌కీ టీవీకీ పోతోందని మొన్న మీటింగ్‌లో మీలో చాలామంది అన్నారు. ఆ వెంటనే ఇంకో మాట కూడా అన్నారు, "మాకే చదవడానికి తీరట్లేదు మేడమ్, ఇంక పిల్లలకేం చెప్తాం" అని. నాకు అసలు ఆ రెండో మాటే పట్టుకుంది.

ఎందుకంటే పిల్లలు మనం చెప్పింది వినరు, మనం చేసేది చూస్తారు, ఇది మీకూ తెలుసు. ఇంట్లో పెద్దవాళ్ళు పుస్తకం పట్టుకుని కూర్చోవడం ఎప్పుడూ చూడని పిల్లాడికి "చదువు, చదువు" అంటే అది హోంవర్క్ లాగే వినిపిస్తుంది. కాబట్టి ముందు మన సంగతి చూద్దాం. ఖాళీగా ఒక గంట దొరికితే చదువుదాంలే అనుకుంటే ఆ గంట ఎప్పటికీ రాదండి. రోజుకి 10 పేజీలు చాలు, నెల తిరిగేసరికి 300 పేజీలు, అంటే ఒక మంచి సైజు నవల అయిపోయినట్టే. ఆ 10 పేజీలు కూడా ఒక్కసారే కూర్చుని చదవక్కర్లేదు, ట్యూషన్ బయట పిల్లల కోసం ఎదురుచూసేటప్పుడు రెండు, డాక్టర్ దగ్గర టోకెన్ పట్టుకుని కూర్చున్నప్పుడు మూడు, అలా. బ్యాగులో పుస్తకం ఉంటేనే ఇది కుదురుతుంది, లేకపోతే చెయ్యి దానంతటదే ఫోన్ మీదకి పోతుంది.

ఇంకోటి, పుస్తకం ఎక్కడ పెట్టామన్నది కూడా చాలా తేడా చేస్తుంది. అద్దాల బీరువాలో వరసగా సర్దిన పుస్తకాలు ఫొటోకి బావుంటాయి కానీ ఎవరూ తియ్యరు. మంచం పక్కన, సోఫా మీద, అందరూ కూర్చునే చోట పడేయండి, కాస్త చిందరవందరగా ఉన్నా పర్లేదు. రాత్రి ఫోన్ ఛార్జింగ్ వేరే గదిలో పెట్టండి, దిండు దగ్గర పుస్తకం పెట్టండి. పడుకునే ముందు స్క్రీన్ వెలుతురు ఎక్కువసేపు చూస్తే నిద్ర రప్పించే మెలటోనిన్ తయారవడం తగ్గుతుంది, పేపర్ పుస్తకంతో ఆ గొడవ లేదు. పుస్తకం చదువుతూ మధ్యలో నిద్రపోయినా సంతోషమే కదా.

అన్నిటికన్నా నేను గట్టిగా అడిగేది మాత్రం పైకి చదివి వినిపించమని. పిల్లలకి సొంతంగా చదవడం రాగానే మనం ఆపేస్తాం, అది తొందరపాటు. ప్రైమరీ పిల్లలు తామే చదివి అర్థం చేసుకోగలిగే దానికన్నా విని అర్థం చేసుకోగలిగేది చాలా ఎక్కువ ఉంటుంది. పిప్పీ లాంగ్‌స్టాకింగ్ అనే స్వీడిష్ పుస్తకం ఎలా పుట్టిందో తెలుసా? 1941లో దాని రచయిత్రి ఆస్ట్రిడ్ లిండ్‌గ్రెన్ కూతురు న్యుమోనియాతో మంచం మీద ఉండి, అప్పటికప్పుడు ఒక వింత పేరు కల్పించి ఆ పిల్ల కథ చెప్పమని అమ్మని అడిగింది. అమ్మ చెప్తూ పోయింది. తర్వాత 1944లో ఆవిడే మంచు మీద జారిపడి కాలు బెణికి మంచాన పడి, ఆ కథలన్నీ కాగితం మీద పెట్టింది, 1945లో పుస్తకంగా వచ్చింది. మనం చెప్పే కథ పుస్తకం కానక్కర్లేదు లెండి, ఆ పది నిమిషాలు పిల్లలతో ఉంటే చాలు.

సెలవులకి ఈసారి బుక్ రివ్యూ ప్రాజెక్టు ఇవ్వట్లేదు. చదివిన ప్రతి కథకీ "ఇందులో నీతి ఏమిటి" అని రాయించి చార్టు అతికిస్తే ఎవరికైనా విసుగొస్తుంది. నచ్చకపోతే సగంలో వదిలేయనివ్వండి కూడా. ఫ్రాన్స్‌లో టీచర్‌గా పనిచేసిన డానియెల్ పెనాక్ అనే రచయిత 1992లో చదివేవాళ్ళకి 10 హక్కులు ఉంటాయని రాశాడు, మూడోది పుస్తకం పూర్తి చెయ్యకుండా ఉండే హక్కు. మొదటిది అసలు చదవకుండా ఉండే హక్కు, అది మాత్రం మా పిల్లలకి ఇప్పుడే చెప్పకండి.

ఇప్పుడు అసలు పని. ఐస్‌లాండ్‌లో ఏటా చలికాలం మొదట్లో కొత్త పుస్తకాల కేటలాగ్ ఒకటి ఉచితంగా వస్తుంది, జనం అది చూసుకుని క్రిస్మస్‌కి ఒకరికొకరు పుస్తకాలు ఇచ్చుకుంటారు. మనమూ చిన్నగా అలాంటిదే చేద్దాం. పిల్లల చేతికి ఒక ఖాళీ స్లిప్ పంపిస్తున్నాం, ఇంటికి ఒకటి. మీకు నచ్చిన పుస్తకం పేరు, అది ఎవరికి నచ్చుతుంది, ఎందుకు, అంతే రాసి పంపండి, మేం గోడ మీద అతికిస్తాం. "చాలా మంచి పుస్తకం, అందరూ చదవాలి" అని రాస్తే ఎవరూ చదవరండి. "కుక్కపిల్ల కావాలని ఇంట్లో గోల చేసేవాళ్ళకి" అని రాస్తే వెంటనే తీస్తారు. టీచర్లు చెప్పిన పుస్తకాలకన్నా పక్క బెంచీవాడు చెప్పిన పుస్తకం లైబ్రరీలో త్వరగా కదులుతుంది, అది రోజూ చూస్తున్నదే.

నావి ముందు రాసేస్తాను. ఒకటి రైలుబడి, జపాన్‌కి చెందిన తెత్సుకో కురోయనాగి 1981లో రాసిన తొత్తోచాన్‌కి తెలుగు. స్కూల్లో అల్లరి భరించలేక పంపించేసిన పిల్లకి, రైలు పెట్టెల్లో క్లాసులు నడిచే ఇంకో బడిలో సీటు దొరుకుతుంది, అక్కడి హెడ్‌మాస్టర్ మొదటి రోజే ఆ పిల్ల మాటలు నాలుగు గంటలు వింటాడు. (నన్ను నాలుగు గంటలు అడగకండి, అరగంట అయితే ఓకే.) రెండోది ముళ్ళపూడి వెంకటరమణ గారి బుడుగు, బాపు గారి బొమ్మలతో. ఇది కళ్ళతో చదివేది కాదు, పైకి చదివితేనే మజా, తాతయ్యలకీ అమ్మమ్మలకీ ఆ పని అప్పగించండి. వాళ్ళు 1947లో మొదలైన చందమామ చదివి పెరిగినవాళ్ళయితే భేతాళ కథలు కూడా అడగండి, పుస్తకం లేకుండానే చెప్పేస్తారు. మూడోది ఇంగ్లీషు బాగా చదివే పెద్ద పిల్లలకి, ఫిన్లాండ్ రచయిత్రి తూవె యాన్సన్ 1957లో రాసిన మూమిన్‌ల్యాండ్ మిడ్‌వింటర్, చలికాలమంతా నిద్రపోవాల్సిన ఒక చిన్న జీవి మధ్యలో మెలకువ వచ్చి మళ్ళీ నిద్రపట్టక, ఇంట్లో అందరూ పడుకుని ఉంటే ఒక్కతే మంచులోకి బయల్దేరుతుంది.

స్లిప్పులు వేసే డబ్బా ఆఫీసు గుమ్మం పక్కన ఉంటుంది, సెలవులిచ్చే రోజు దాకా తీసుకుంటాం. కామిక్స్ రాయచ్చు, క్రికెట్ పుస్తకం రాయచ్చు, ఏ భాషైనా పర్లేదు. మీ పేరు ఇష్టమైతేనే వెయ్యండి, పిల్లల క్లాసు మాత్రం రాయండి, అప్పుడే ఏ గోడ మీద అతికించాలో మాకు తెలుస్తుంది. ప్రింటవుట్లు వద్దు, చేత్తోనే రాయండి, అక్షరాలు గుండ్రంగా లేకపోయినా మార్కులు తియ్యం.

ఉంటాను,
మీ ప్రిన్సిపాల్