పగడానికి పట్టిన పురుగు

ఫ్రిస్కో, టెక్సస్
నవంబరు 15, శనివారం

నాన్నా,

అమ్మకీ నీకూ నమస్కారాలు. చిన్నాన్న వాళ్లబ్బాయి బుధవారం బయల్దేరుతున్నాడు. వాడి చేతికిచ్చి ఈ ఉత్తరం పంపుతున్నాను. ఫోన్లో చెబుదామంటే నువ్వు స్పీకర్ పెట్టి పెద్దమ్మ దగ్గర్నించి పాలబ్బాయి దాకా అందరికీ వినిపిస్తావు. సగంలో "సరేలే తల్లీ, బిల్లు అవుతుంది" అని పెట్టేస్తావు. వాట్సాప్ కాల్‌కి బిల్లేంటి నాన్నా అంటే వినవు. అందుకే కాగితం. కళ్లజోడు పెట్టుకుని తీరిగ్గా చదువు.

మొన్న వీడియోలో "ఆ తొట్టి బోసిగా ఉందేమే" అని అడిగావు గదా. పురుగు పట్టిందన్నాను. "ఉప్పునీళ్లలో పురుగేంటి" అని నవ్వావు. నవ్వితే నవ్వావు గానీ, ఈ రెండు నెలల్లో నేను నిన్ను తలుచుకున్నన్నిసార్లు పెళ్లయిన కొత్తలో కూడా తలుచుకోలేదు.

ముందు అసలు సంగతి. నువ్వు చేపల తొట్టి అంటావు గానీ అందులో చేపలు నాలుగే. మిగతాదంతా పగడాలు. అమ్మ తాడులో ఉన్న ఎర్ర పగడం వేరే జాతి, దాని ఎముకే ఎరుపు. మా దగ్గరున్నవి దిబ్బలు కట్టే రకం. బతికున్నంత కాలం ఊదా, ఆకుపచ్చ, నీలం. చస్తే తెల్లటి సున్నం. చూడ్డానికి మొక్కలా కొమ్మలేస్తుంది గానీ పగడం జంతువు నాన్నా. ఆవగింజంత నోళ్లు వందలూ వేలూ కలిసి ఒకే సున్నపు బొమిక మీద కాపురం చేస్తుంటాయి. వాటి ఒంట్లో కంటికి కనపడని నాచు ఉంటుంది. వెలుతురు తగిలితే ఆ నాచు వండిపెడుతుంది, ఇవి తింటాయి. మా తొట్టి 75 గ్యాలన్లు, అంటే 280 లీటర్ల పైచిలుకు. నీళ్లు ఫిల్టరు పట్టి, ఉప్పు కలిపి, వేడి 26 డిగ్రీల దగ్గర నిలబెట్టి, వారం వారం పరీక్షలు చేసుకుంటూ మూడేళ్లు పెంచాను. మీ అల్లుడు దాన్ని నా మూడో బిడ్డ అంటాడు. మెచ్చుకోలు కాదులే.

ఆగస్టు చివర్లో ఆక్రోపోరా అనే కొమ్మల రకం ఒకటి మొదలు దగ్గర పాలిపోసాగింది. కింద నుంచి పైకి తెల్లబడుతోంది. నేనేం చేశాను? నీళ్లు పరీక్షించాను, బాగానే ఉన్నాయి. లైటు ఎక్కువైందేమో అని తగ్గించాను. మళ్లీ పెంచాను. ఉప్పు కంపెనీ మార్చాను. ఇట్లా మూడు వారాలు పోయాయి. పక్క చేను వాళ్లు మిరపాకు ముడుచుకుందని వచ్చి ఏ ఎరువెయ్యాలని అడిగితే నువ్వేమనేవాడివి? "ముందు ఆకు తిరగేసి చూడరా, తర్వాత బస్తా గురించి మాట్లాడదాం." పై ముడతయితే తామర పురుగు, కింద ముడతయితే నల్లి అని పదేళ్ల వయసులో నాకు నేర్పావు. అన్నీ మరిచిపోయి ఇక్కడ బస్తాల గురించి మాట్లాడుతూ కూర్చున్నాను.

చివరికి ఒక రాత్రి దగ్గరగా చూస్తే పాలిపోయిన చోట చిన్న చిన్న గుండ్రటి మచ్చలు. కొరికినట్టు. ఇక్కడ పెద్ద కోడిని ఓవెన్లో కాల్చేటప్పుడు దాని రసమే దాని మీద పొయ్యడానికి రబ్బరు బుడ్డి ఉన్న గొట్టం ఒకటి వాడతారు. దాంతో నీళ్లు పీల్చి పగడం మొదట్లోకి గట్టిగా కొట్టాను. ఉల్లిపొర ముక్క లాంటిది ఒకటి లేచింది. గాలికి ఎగిరిన కాగితంలా ఒకసారి మెలి తిరిగి, అంచులు అలలాడించుకుంటూ మెల్లగా పక్క కొమ్మ మీద వాలింది. వాలిన మరుక్షణం కనపడలేదు! అక్కడే ఉందని తెలుసు, కళ్లు చికిలించి చూస్తున్నాను, అయినా కనపడదు. రెండోసారి కొట్టాను. నాలుగు లేచాయి.

అది చదును పురుగు. చిటికెనవేలి గోరులో సగం ఉంటుంది. ఆక్రోపోరా తప్ప ఇంకోటి ముట్టదు. పగడాన్ని తిని, అందులోని నాచునీ మెరిసే రంగునీ అరిగించుకోకుండా తన ఒంట్లోనే దాచుకుంటుందట. ఏ పగడాన్ని తింటే ఆ రంగు వచ్చేస్తుంది, ఇంక మన కంటికెలా ఆనుతుంది? ఇంకో విచిత్రం, దీన్ని మొదట పట్టుకున్నది సముద్రంలో కాదు, మాబోటి వాళ్ల తొట్లలోనే. 2011లో శాస్త్రజ్ఞులు దీనికి పేరు పెట్టారు. ఆ మరుసటేడు గానీ ఆస్ట్రేలియా పగడపు దిబ్బల్లో ఇది దొరకలేదు. సముద్రంలో దీన్ని తినేవాళ్లుంటారు, అక్కడ పది ఉన్నా తెలియదు. తొట్టిలో అడిగేవాడు లేడు.

ఎట్లా వచ్చిందంటావా? తప్పు నాదే. జూలైలో ఒకాయన దగ్గర చిన్న కొమ్మ కొన్నాను. వీటిని ఫ్రాగ్‌లంటారు, ఫ్రాగ్మెంట్ అంటే ముక్క, దానికి పొట్టి పేరు. (నీకు ఫోన్లో చెబితే "కప్పలెందుకే" అన్నావు, గుర్తుందా?) ధర చెప్పను, నువ్వు వెంటనే యార్డులో తేజ మిర్చి రేటుతో భాగిస్తావు. కొత్తగా తెచ్చింది ఏదైనా వేరే చిన్న తొట్టిలో కొన్ని వారాలు పెట్టి, మందు నీళ్లలో ముంచి చూసుకుని అప్పుడు అసలు తొట్టిలో దించాలి. అందరూ చెప్పేదే. ఆ రోజు చిన్నాడికి జ్వరం, ఆఫీసు టెన్షన్, తెచ్చినదాన్ని తెచ్చినట్టే పెట్టేశాను. నువ్వు నారు ఎవరి దగ్గర తెచ్చినా, సొంత తమ్ముడి దగ్గర తెచ్చినా సరే, కట్టలు విప్పి వేర్లు మందులో ముంచందే నాటనిచ్చేవాడివి కాదు. చిన్నాన్న మొహం మాడ్చుకున్నా నువ్వు లెక్క చెయ్యలేదు.

ఇప్పుడు మందు సంగతి. ఇది చదివి నువ్వు కుర్చీలోంచి లేస్తావు. ఇక్కడ పగడాల వాళ్లు చాలామంది ముంచడానికి వాడేది గులాబీ మొక్కలకి కొట్టే తోటమందు. డబ్బా తిప్పి చిన్నక్షరాలు చదివితే మొదటి పేరే ఇమిడాక్లోప్రిడ్. అదే నాన్నా, మన కాన్ఫిడార్‌లో ఉండేదే! పద్నాలుగు వేల కిలోమీటర్లు వచ్చి, అద్దాల తొట్టి పెట్టుకుని, చివరికి నా చేతిలో అదే మందు. ఆ డబ్బా మీద పగడాలకు వాడమని ఎక్కడా రాసి లేదు. జనం వాళ్లలో వాళ్లు కనుక్కున్న వాడకం.

అక్టోబరు 12 ఆదివారం గరాజ్‌లో మూడు బకెట్లు పెట్టాను. ఒకదాంట్లో మందు నీళ్లు, రెండింట్లో కడగడానికి శుభ్రమైన ఉప్పునీళ్లు. చేతులకి మోచేతుల దాకా గ్లోవ్స్, కళ్లకి అద్దాలు, మూతికి మాస్కు. ఒక్కో పగడాన్నీ పది నిమిషాలు ముంచి, గొట్టంతో నీళ్లు కొడుతుంటే పురుగులు పొరలు పొరలుగా రాలాయి. అడుక్కి చేరినవి లెక్కపెట్టాను. మొదటి పగడానికే ముప్పై ఒకటి. కసి తీరినట్టనిపించింది, అబద్ధమెందుకు.

తర్వాత బకెట్ అడుగున ఇంకోటి కనపడింది. కందిగింజంత పీత, వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకుంటోంది. ఈ పీతలు కొమ్మల సందుల్లోనే కాపురముంటాయి. పగడం కార్చే జిగురు తిని బతుకుతూ, దాన్ని తినవచ్చిన వాటిని గిల్లి తరుముతాయి. మా దాంట్లో ఒకటుందని నాకు తెలియనే తెలియదు. వెంటనే తీసి మంచినీళ్ల బకెట్లో వేశాను, అంటే శుభ్రమైన ఉప్పునీళ్లే. లాభం లేకపోయింది. మందు కొట్టిన మర్నాడు చేలో అక్షింతల పురుగులు రాలి ఉంటే నువ్వు వంగి ఏరి గట్టు మీద పెట్టేవాడివి. చచ్చినవాటిని ఏరడమెందుకా అనుకునేదాన్ని.

ఆ గ్లోవ్స్ విప్పి చేతులు కడుక్కుంటుంటే నల్ల తామర పురుగు వచ్చిన ఏడు గుర్తొచ్చింది. 2021. పూతలో దూరి కూర్చునేది, పువ్వు అరచేతిలో దులిపితే నల్లటి నలకలు పరుగులు తీసేవి. మూడు రోజులకోసారి మందు మార్చి కొట్టించావు. నీలిరంగు జిగురు అట్టలు కట్టావు. ఆ డ్రమ్ములో మందు దేనితో కలిపేవాడివి? వేపకర్ర విరిగితే చెయ్యి పెట్టి కలిపావు. భుజం దాకా. మూతికి ఆ తువ్వాలు గుడ్డ. రాత్రి తలనొప్పి, వాంతి అంటే అమ్మ మజ్జిగిచ్చేది, "ఎండ దెబ్బ" అనేవాడివి. నేను ఒక బకెట్లో చెంచాడు మందుకి ఇంత వేషం వేసుకున్నాను. నువ్వు ముప్పై ఏళ్లు ఒట్టి చేతులతో కలిపావు. ఆ రోజు గరాజ్‌లో చాలాసేపు కూర్చుండిపోయాను. మీ అల్లుడొచ్చి "పగడం చచ్చిపోయిందా" అనడిగాడు.

సరే, తర్వాత కథ. మందుకి పురుగు చస్తుంది గానీ గుడ్లు చావవు. పగడం మొదట్లో చచ్చిన తెల్లటి భాగం మీద గోధుమరంగు చుక్కలు గుంపుగా అతికించినట్టు పెడుతుంది. పళ్ల బ్రష్షు పెట్టి తోమాను, పోనివాటిని బ్లేడుతో గీకాను, ఇంకా అనుమానం ఉన్నచోట కింది భాగమే విరిచి పారేసి పైకొమ్మని కొత్త రాతికి అతికించాను. దేనితో అనుకున్నావు? ఫెవిక్విక్ లాంటి జిగురుతోనే. నీళ్లలో కూడా పట్టేస్తుంది, పగడానికి ఏమీ కాదు. కంటికి దొరకని గుడ్లు ఎలాగూ మిగులుతాయి. అవి పగలడానికి నీళ్ల వేడిని బట్టి రెండు మూడు వారాలు పడుతుంది. పగిలి పిల్లలు బయటికొచ్చాక, అవి పెద్దవై మళ్లీ గుడ్లు పెట్టేలోపు ముంచాలి. అందుకని వారానికోసారి, ఆరు వారాలు. రెండో వారం నుంచి మందు మార్చాను. పగడాల కోసమే అమ్మేది ఉంది, ఫినాయిల్ వాసనొస్తుంది. పీత సంగతి మనసులో పెట్టుకుని, ముంచే ముందు ప్రతి కొమ్మనీ టార్చితో వెతికి ఇంకో రెండు పీతల్ని బతికించాను. ఇప్పుడవి గ్లాసులో కాపురముంటున్నాయి, బుజ్జిది వాటికి రొయ్య పొట్టు పెడుతోంది.

తొట్టి బోసిగా ఉన్నది ఇందుకే. ఆక్రోపోరాలన్నీ తీసి గరాజ్‌లో 20 గ్యాలన్ల తొట్టిలో పెట్టాను. పెద్ద తొట్టిలో మిగిలిన పురుగులకి తిండి లేదు, ఎనిమిది వారాల్లో మాడి చావాలి. పత్తి చేలో గులాబీ పురుగుకని డిసెంబరు దాటాక చెట్లు ఉంచొద్దు, మోళ్లతో సహా పీకెయ్యమని చెప్పేవారు చూడు, అదే లెక్క. ఆరు చారల చేపని కూడా ఒకదాన్ని దించాను. రాళ్ల సందుల్లో దూరి పురుగుల్ని ఏరుకు తింటుంది. మంచి పనిమంతురాలు గానీ గుడ్ల జోలికి పోదు, పైగా కొత్త చేప వస్తే తరిమి తరిమి కొడుతుంది. మన కాలవ కింద మోటారు దగ్గర కాపలా ఉండే తాత గుర్తొచ్చాడు.

సముద్రంలోనూ ఇదే గొడవట నాన్నా. ఆస్ట్రేలియా దిబ్బల మీద ముళ్ల నక్షత్ర చేప అని ఒకటుంది, పెద్ద పళ్లెమంత, ఒళ్లంతా విషపు ముళ్లు. పొట్టని నోట్లోంచి బయటికి తోసి పగడం మీద పరిచి అక్కడికక్కడే అరిగించుకుంటుంది. ఒక్కో ఆడది కోట్లలో గుడ్లు పెడుతుంది. కొన్నేళ్లు ఉండీ లేనట్టుండి, ఒక్కసారి దండులా వస్తాయి. వాటికి మందు కొట్టడం కుదరదు గనక మనుషులు మునిగి, ఒక్కోదాన్నీ వెతికి సూది వేస్తారు. పైత్యరసం ఉప్పుతో, లేదంటే వంటింటి వెనిగర్‌తో. అంత సముద్రంలో ఒక్కో పురుగుకీ ఒక్కో సూది! మన కూలీల రేటుతో లెక్క వెయ్యకు.

అమ్మ షోకేసులోకి ఒక ముక్క తెమ్మంది. తేను. మన దేశంలో వన్యప్రాణి చట్టంలో పులి ఏ షెడ్యూల్లో ఉందో పగడమూ అందులోనే ఉంది. ఎయిర్‌పోర్టులో పట్టుకుంటే మీ అల్లుడు విడిపించుకోవాలి, ఆయన ఆ మూడ్‌లో లేడు.

పోయిన ఆదివారం ఐదో ముంపు. ఒక్కటీ రాలలేదు. రేపు ఆరోది. నువ్వయితే ఇంకో రెండుసార్లు చూడమంటావు. చూస్తాను.

వీడి పెట్టెలో నీకు రెండు మాస్కులు పెట్టాను. పక్కన గుండ్రటి డబ్బాలున్న రకం, మందు వాసన లోపలికి రానివ్వదు. పొడుగు గ్లోవ్స్ ఆరు జతలు, కళ్లద్దాలు ఒకటి. పూత మీదుందన్నావు, ఈ వారమే మళ్లీ కొట్టిస్తావని తెలుసు. కొట్టే అబ్బాయికి కూడా ఒక మాస్కు ఇవ్వు, అందుకే రెండు. బీరువాలో దాచావని అమ్మ చెప్పిందంటే మాత్రం ఊరుకోను. గ్లోవ్స్‌లో అమ్మ వడియాలు పోసి మూతి కట్టకుండా చూడు, పోయినసారి జిప్ కవర్లకి అదే గతి పట్టింది.

వీడు జనవరిలో తిరిగొస్తాడు. పచ్చళ్లు వద్దు, ఇంకా ఉన్నాయి. నీ భూతద్దం పంపు. అదే, వ్యవసాయాఫీసరు ఇచ్చిన చిన్న మడత లెన్సు, పాస్‌బుక్కుల కింద ఇనప్పెట్టెలో ఉంటుంది. ఇక్కడ కొన్నది సరిగ్గా ఆనడం లేదు. నీకు అవసరమైతే పంపకు, కానీ నీ కళ్లకి అది ఆనక రెండేళ్లయిందని అమ్మ చెప్పింది.

నీ
పెద్దమ్మాయి