"తగినంత ప్రిజర్వేటివ్" అంటే ఎంత? ఏది?

సంపాదకుడి గారికి,

మీ ఆదివారం అనుబంధంలో ఇంట్లోనే క్రీములు, లోషన్లు చేసుకునే పద్ధతులు ఇస్తున్నారు. వాటిని చూసి చేసుకుంటున్నవాళ్లలో నేనూ ఒకదాన్ని. నూనె ఎంత, నీళ్లెంత అన్నీ గ్రాముల్లో చెప్పి, చివరికొచ్చేసరికి "తగినంత ప్రిజర్వేటివ్ కలపండి" అని వదిలేస్తున్నారు. ఒక వారమైతే లోషన్ పద్ధతి ఇచ్చి "విటమిన్ ఇ వేస్తే పాడవదు" అన్నారు. విటమిన్ ఇ నూనెకు కనరు వాసన పట్టకుండా చూస్తుంది, అంతే. బూజునీ బ్యాక్టీరియానీ ఆపడం దాని పని కాదు. నీటి చుక్క లేని బామ్‌కి అది చాలునేమో గానీ, నీళ్లు పోసిన లోషన్‌కి చాలదు.

నేను విటమిన్ ఇ దగ్గర ఆగలేదు. 100 గ్రాముల లోషన్‌కి అర గ్రాము సోడియం బెంజోయేట్ అనే ప్రిజర్వేటివ్ తూచి మరీ వేశాను. ఇంకేం టెన్షన్ లేదనుకున్నాను. మూడో వారం మూత తిప్పితే లోపలి అంచు వెంబడి ఆవగింజంత నల్లటి చుక్కలు! లోషన్ మాత్రం తెల్లగా నిక్షేపంగా ఉంది, వాసన కూడా మారలేదు. అనుమానమొచ్చి పీహెచ్ (ఆమ్లత కొలత; అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) కాగితం ముంచితే ఆకుపచ్చగా తిరిగింది. అంటే 7. సూక్ష్మజీవుల మీద పనిచేసేది బెంజోయేట్‌లో ఆమ్లంగా మారిన భాగమే. పీహెచ్ 4.2 దగ్గర సగం ఆ రూపంలో ఉంటుంది, 7 దగ్గర నూటికి ఒక వంతు కూడా మిగలదు. నేను వేసినా వేయనట్టే అయింది. పొటాషియం సార్బేట్ అనే ఇంకో ప్రిజర్వేటివ్‌దీ ఇదే కథ. సిట్రిక్ యాసిడ్ నీళ్లు చుక్కచుక్కగా కలిపి పీహెచ్ 5 కిందికి దించాల్సిందని తర్వాత తెలిసింది.

దించితే సరిపోతుందా అంటే, పక్కన ఏమున్నాయో కూడా చూసుకోవాలి. బెంజోయేట్ ఉన్నచోట విటమిన్ సి పడితే క్యాన్సర్ కారకమైన బెంజీన్ పుట్టే అవకాశం ఉంది. పారాబెన్లనే ప్రిజర్వేటివ్‌లేమో, నూనెనీ నీళ్లనీ కలిపి ఉంచే పాలిసార్బేట్ లాంటి ఎమల్సిఫైయర్లకు చిక్కి బలం కోల్పోతాయి. ఫినాక్సీఇథనాల్ అనే మరో ప్రిజర్వేటివ్‌కి పీహెచ్ పేచీ తక్కువే (యూరప్ నిబంధనల్లో దాని గరిష్ఠ పరిమితి 1 శాతం), కానీ బూజు మీద అంత గట్టిది కాదు, ఇంకోటి తోడు కావాలి. ఇక "ప్రిజర్వేటివ్ లేనిదే స్వచ్ఛమైనది" అనే మాట ఎవరు మొదలుపెట్టారో గానీ, నీళ్లున్న క్రీముకి అది గొప్ప కాదు, లోపం.

ప్రతి ఫార్ములా కింద రెండు లైన్లు వేయండి చాలు: ఏ ప్రిజర్వేటివ్ ఎంత శాతం, చివర్లో పీహెచ్ ఎంత ఉండాలి, దేంతో కలపకూడదు. ఆ లోషన్ పద్ధతికి సవరణ మాత్రం వచ్చే ఆదివారమే ఇవ్వండి. ఇప్పటికే చేసి పెట్టుకున్నవాళ్లు ఒకసారి మూత తిప్పి చూసుకుంటారు.

ఇట్లు,
మీ పాఠకురాలు