బొద్దింకలు పరార్ సరే, ఎక్కడికి?

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ చిట్కాల పేజీలో బొద్దింకల గురించి వేశారు. బిర్యానీ ఆకు నలిపి గూట్లో పెట్టమని, లవంగాలు చల్లమని, దోసకాయ తొక్కలు పరవమని, సీతాఫలం గింజల పొడి మూలల్లో చల్లమని రాసి, చివర్లో అన్నీ ప్రకృతి సిద్ధమైనవే, ఏ ప్రమాదమూ లేదని ముగించారు. ఆ చివరి మాట కోసమే ఈ ఉత్తరం.

నేను గుంటూరు బ్రాడీపేటలో పదకొండేళ్లుగా క్యారేజీలు కడుతున్నాను. పూటకు అరవై. బొద్దింక అంటే అందరికీ రోత, నాకు మాత్రం టెన్షన్. సాంబారులో ఒక్కటి తేలితే మర్నాటికి అరవైలో ఇరవై కూడా మిగలవు.

మందు కొట్టేవాళ్లను ఒకసారి పిలిపించాను. రెండు పూటలు వంట మానేసి, గిన్నెలన్నీ వరండాలోకి చేరేశాం. మా ఆయనకు ఉబ్బసం. ఆ రాత్రి ఆయన పడ్డ అవస్థ చూశాక మళ్లీ పిలవలేదు. అట్లాగని ఊరుకోవడానికీ లేదు, ఉబ్బసం ఉన్నవాళ్లకు బొద్దింకల రెట్టలు, పొట్టు కూడా పడవని డాక్టరే చెప్పాడు. అప్పటి నుంచి ఆకులూ నూనెలే. కాబట్టి మీ చిట్కాలను వెక్కిరించడానికి రాయడం లేదు, అవన్నీ చేసి చూసినదాన్నే.

దోసకాయ తొక్క సంగతి ఒక్క ముక్కలో చెప్తాను. రాత్రి పరిచి, తెల్లవారుజామున నాలుగింటికి లైటు వేస్తే రెండు బొద్దింకలు దాని మీదే కూర్చుని తింటున్నాయి. బిర్యానీ ఆకు పెట్టిన గూట్లో కనబడలేదు, పక్క గూట్లో కనబడ్డాయి. లవంగ నూనె ఘాటుకు పారిపోయే మాట నిజమే. కానీ మా వంటగది వేడికి మూడో రోజుకు ఆ ఘాటు ఉండదు.

అన్నిట్లో నాకు పనికొచ్చింది వేపనూనె. మా నాన్న మిరప రైతు. వేపగింజల కషాయం కాచి చేలో కొట్టేవాడు. "వేప కొట్టి సాయంత్రానికే చచ్చిన పురుగులు లెక్కబెట్టకూడదమ్మా, అది కుబుసం విడవలేక పోతుంది, రోజులు పడతాయి" అనేవాడు. ఉత్త నీళ్లలో వేపనూనె కలవదు, పైన తెట్టు కడుతుంది. కాస్త కుంకుడు రసం పోసి గిలక్కొడితే పాలలా తెల్లగా తిరుగుతుంది. లీటరు గోరువెచ్చటి నీళ్లకు రెండు చెంచాల నూనె చాలు. సింకు కింద, గ్యాసు బండ వెనక, ఫ్రిజ్ ప్లగ్గు తీసి దాని వెనక గోడకు కొడతాను. గట్టు మీద మాత్రం కొట్టను. ఒకసారి తుంపర చపాతీ పీట మీద పడి, ఆ పూట చపాతీలన్నీ చేదు. పిల్లలు ఈనాటికీ "ఆంటీ, ఈరోజు వేప చపాతీనా?" అని ఏడిపిస్తారు.

వేపనూనె మొదలుపెట్టిన వారానికి మా వంటింట్లో కదలిక తగ్గింది. నేను మురిసిపోతుండగా పైవాటాలో అద్దెకుండే అమ్మాయి దిగొచ్చింది. "పిన్నిగారూ, మా ఇంట్లో ఎప్పుడూ లేదు, నాలుగు రోజుల నుంచి బాత్రూమ్ నిండా ఇవే. మీకూ ఉన్నాయా?" అంది. నాకు మొహం చెల్లలేదు. నా బొద్దింకలు చావలేదు, పైపు వెంట మెట్టెక్కాయంతే. పోతూ పోతూ గుడ్లు కూడా పట్టుకుపోయాయి. వంటింట్లో తిరిగే చిన్న రకం ఆడది, ముప్పై నలభై గుడ్లున్న సంచిని పొదిగే దాకా ఒంటికి తగిలించుకునే తిరుగుతుంది. ఘాటు పెట్టి తరమడమంటే ఆ సంచిని పక్కింటికి సాగనంపడమే.

ఆ తర్వాత ఇద్దరం ఒకే రోజు పని పెట్టుకున్నాం. గోడలోంచి పైపు పోయే చోట వేలు దూరేంత సందు ఉంది, కిందా పైనా సిమెంటు పెట్టించాం. గుడ్లు, ఉల్లిపాయలు వచ్చిన అట్టపెట్టెలు ఇంట్లో ఉంచడం మానేశాం. రాత్రి పడుకునే ముందు సింకు పొడిగుడ్డతో తుడుస్తున్నాం. ఇది చిన్న పనిలా ఉంటుంది కానీ అన్నిటికంటే ఇదే పెద్దది. తిండి లేకపోయినా నెల దాకా నెట్టుకొస్తుంది ఆ పురుగు, నీళ్లు లేకపోతే రెండు వారాలు గడవడం కష్టం. తగ్గాయో లేదో తెలియడానికి ఖాళీ పచ్చడి సీసాలో అరటితొక్క వేసి, మూతి లోపల అంచుకు నూనె రాసి సింకు కింద పెడతాను. దిగినవి జారి పైకి రాలేవు. మొదటి రోజు పొద్దున ఇరవై మూడు. రెండో నెలాఖరుకు రెండు, ఒక్కోరోజు సున్నా. సీసాలోవి సబ్బునీళ్లు పోసి చంపేస్తాను, తరమను.

ఇక సీతాఫలం గింజలు. ఆ పొడి నేనూ కొట్టాను. మిక్సీ మూత తీయగానే లేచిన నలుసు కుడికంట్లో పడింది. అరగంటకు కన్ను తెరవలేకపోయాను, ఎవరో నిప్పు పోసినట్టే. కంటి డాక్టరు చూసి నల్లగుడ్డు పైపొర లేచిపోయిందన్నాడు. పేలకని ఈ పొడి తలకు పట్టించుకుని వచ్చే ఆడవాళ్లను చూస్తూనే ఉంటానని కూడా అన్నాడు. మూడు రోజులు కంటికి గంతలు, క్యారేజీలు బంద్. ఆ గింజ పురుగును చంపే మాట నిజమే, చంపేది మన కంటిని మాత్రం వదులుతుందా? కర్పూరం కూడా అంతే. గూట్లో పెట్టిన బిళ్ల చంటిపిల్లలు మింగితే ఫిట్స్ రావచ్చు. నీలగిరి తైలం కూడా పిల్లల చేతికి అందకూడదు.

కొట్లో కొనే మందు డబ్బా మీద రంగు త్రిభుజం ఉంటుంది. ఎరుపైతే మహా విషమని, ఆకుపచ్చయితే అన్నిట్లోకీ తక్కువని చదువు రానివాళ్లు కూడా పోల్చుకోవచ్చు. మీ చిట్కాకు ఆ పాటి గుర్తు కూడా లేదు. ఎంత వెయ్యాలి, ఎన్నాళ్లకు పని చేస్తుంది, కంటికీ పిల్లలకీ ఏం జాగ్రత్త అని రెండు లైన్లు వేస్తే మీ పేజీలో పట్టవా? సీతాఫలం గింజల గురించి మాత్రం వచ్చే ఆదివారమే సవరణ వేయండి. కాయలు బజారుకొచ్చే రోజులు, గింజలు దాచుకునేవాళ్లు చాలామంది.

ఇట్లు,
క్యారేజీలు కట్టే ఒక పాఠకురాలు,
బ్రాడీపేట, గుంటూరు