మా కోసం నిలబడిన సంఘానికి, స్నేహితులకు వందనాలు

ప్రభువు నామంలో అందరికీ వందనాలు. మావారు బైపాస్ ఆపరేషన్ అయి క్షేమంగా ఇంటికి వచ్చారు. పొద్దున పూట వీధి చివరి దాకా నడుస్తున్నారు. కూరలో ఉప్పు తగ్గించానని అలుగుతున్నారు కూడా, అంటే కోలుకున్నట్టే! ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పాలనే ఉంది కానీ ఎవరో ఒకరిని మర్చిపోతానని భయం. అందుకే అందరికీ కలిపి రాస్తున్నాను.

ముందు రక్తం ఇచ్చిన పిల్లలకు. మన యూత్ వాళ్లు సరే, మావారి ఆఫీసు నుంచి, మా వెనక వీధి మసీదు దగ్గర నుంచి కూడా కుర్రాళ్లు వచ్చారు. పేర్లు రాయొద్దన్నారు, రాయట్లేదు. మిమ్మల్ని కన్న తల్లులకు దండాలు. డబ్బు సర్దినవాళ్ల లెక్క నా నోట్‌బుక్‌లో ఉంది. నెలనెలా తీరుస్తాను, "వద్దులే అక్కా" అంటే వినను.

ఇంకో సహాయం గురించి కాస్త ఎక్కువ రాయాలి. ఐసీయూ బయట కూర్చున్న రోజుల్లో నాకు ప్రార్థన రాలేదు. "యేసయ్యా" అనేదాన్ని, ఆ తర్వాత మాట ఉండేది కాదు. బైబిలు తెరిస్తే ఒక్క వచనమూ మనసుకు ఎక్కేది కాదు. స్త్రీల సమాజంలో వాక్యం చెప్పేదాన్ని ఇలా అయిపోయానేమిటని అదొక టెన్షన్. పాస్టరమ్మ గారికి చెబితే "నువ్వు ప్రయత్నించు" అనలేదు. "నువ్వు కాసేపు పడుకో, మేం చేస్తాం" అన్నారు. గంటకొకరు చొప్పున వంతులు వేసుకుని రాత్రంతా ప్రార్థన చేశారు. అందులో పొద్దున్నే డ్యూటీకి వెళ్లాల్సినవాళ్లు కూడా ఉన్నారని నాకు తర్వాత తెలిసింది.

మన సంఘంలో ఒక పెద్దాయన హైదరాబాద్ దగ్గర శామీర్‌పేట వైపు ద్రాక్షతోటల్లో చాలా ఏళ్లు పనిచేశారు. ఆయన వచ్చి, "నేను ద్రాక్షావల్లిని, మీరు తీగెలు, నాలో నిలిచి ఉండండి, ఫలించండి" అని యేసు ప్రభువు శిష్యులకు చెప్పిన యోహాను సువార్త 15వ అధ్యాయం చదివి, ప్రసంగం జోలికి పోకుండా తోట సంగతి చెప్పారు. మన ప్రాంతంలో ద్రాక్షకు ఏడాదికి రెండు కత్తిరింపులట, ఏప్రిల్‌లో ఒకటి, అక్టోబరులో ఒకటి. ఏప్రిల్‌లో ఒకటి రెండు కన్నులు, అంటే చిగురు వచ్చే మొగ్గలు మాత్రం ఉంచి తీగంతా కోసేస్తారు. చూసేవాళ్లకు తోట పోయిందనిపిస్తుంది. తర్వాత వచ్చే కొత్త తీగకు కాయ ఉండదు. కానీ ముందు ముందు రాబోయే గుత్తి అప్పుడే ఆ తీగ కన్నుల లోపల ఏర్పడుతుంది, పైకి తెలియదు. అక్టోబరు కోత అయ్యాకే పూత, ఫిబ్రవరి మార్చికి పండు. "ఆ నెలల్లో తీగను పట్టుకుని కాయ ఏదీ అని ఎవడూ అడగడమ్మా. మొదలుకు అంటుకుని ఉందా లేదా అనే చూస్తాం" అన్నారు.

ఆ అధ్యాయం మీద నేను విన్న ప్రసంగాలు చాలా మటుకు "ఫలించండి" అని గద్దించినవే. నేను చెప్పినవీ అంతే అనుకోండి. ఆ మాటలు యేసు ప్రభువు సిలువకు ముందు రాత్రి చెప్పినవి. విన్న పదకొండు మంది శిష్యులూ తెల్లవారక ముందే ఆయనను వదిలి పారిపోయారు. ఆయనెవరో ఎరగనన్నాడు వాళ్లలో ఒకడైన పేతురు. అయినా, అతని నమ్మిక తప్పిపోకూడదని ప్రభువు ముందే వేడుకున్నాడు. మరణం నుంచి తిరిగి లేచాక తిబెరియ సముద్రపు ఒడ్డున నిప్పులు వేసి, చేపలు, రొట్టె సిద్ధం చేసి పిలిచాడు. ముందు భోజనం, ఆ తర్వాతే పేతురుకు "నన్ను ప్రేమించుచున్నావా" అనే ప్రశ్న.

ఆయనలో నిలిచి ఉండటమంటే తెల్లవారుజామున లేచి నేను చేసే ప్రార్థన, చదివే అధ్యాయాలు అనుకునేదాన్ని. అవి కావాలి, మళ్లీ మొదలుపెట్టాను. కానీ అవి ఆగిపోయిన రోజుల్లో కూడా ప్రభువు నన్ను విడిచిపెట్టలేదు, మీ చేత నన్ను పట్టుకున్నాడు. వార్డుకు మార్చిన రోజు పాస్టర్ గారు ప్రభురాత్రి భోజనం (రొట్టె, ద్రాక్షరసం తీసుకునే సంస్కారం) అక్కడికే తెచ్చారు. మావారికి చెయ్యి లేవకపోతే చిన్న రొట్టె ముక్క నోట్లో పెట్టారు. పక్క మంచం పెద్దావిడ తెర పక్కకు జరిపి "మా ఆయన కోసం కూడా చెప్పండయ్యా" అంది. ఆయన పేరు కూడా చెప్పి ప్రార్థించారు. ఆయనా ఇంటికి వెళ్లారట, మొన్న ఫోన్ చేసింది.

ఈ శనివారం సాయంత్రం మా ఇంట్లో కృతజ్ఞత కూడిక. పాటలు, వాక్యం, తర్వాత భోజనాలు. అందరూ రండి, ఏ మతం వాళ్లయినా సరే. వచ్చేటప్పుడు ఖాళీ సంచి తెచ్చుకోండి. మీరు పంపిన స్టీలు క్యారియర్లు, డబ్బాలు వంటగదిలో గుట్టగా ఉన్నాయి, ఏది ఎవరిదో నాకు తెలియట్లేదు. మూత పోయిన నీలం రంగు డబ్బా ఎవరిదో వాళ్లకు కొత్తది కొనిపెట్టాను.