లేహ్‌లో నా జబ్బు ‘వ్యక్తిగత కారణం’ ఎలా అయింది?

కస్టమర్ సేవల మేనేజర్ గారికి,

విషయం: లద్దాఖ్ యాత్రలో నిర్లక్ష్యం, సొమ్ము వాపసు గురించి.

అయ్యా,

“వ్యక్తిగత కారణాల వల్ల నుబ్రా, పాంగాంగ్ యాత్రలు మానుకున్నారు కనుక వాపసు వర్తించదు” అని మీ కార్యాలయం రాసిన జవాబు అందింది. ముక్కుకు ఆక్సిజన్ గొట్టంతో ఆసుపత్రి మంచం మీద పడుకోవడం నా సొంత సరదా అని మీరు చెప్పేదాకా నాకు తెలియదు.

ఢిల్లీ నుంచి గంటన్నరలో మమ్మల్ని 3,500 మీటర్ల ఎత్తున్న లేహ్‌లో దించారు. అక్కడ ఒక్కో ఊపిరికి అందే ప్రాణవాయువు మన ఊళ్లలో అందేదాంట్లో సుమారు మూడింట రెండు వంతులే. విమానంలో వచ్చినవాళ్లు 48 గంటలు విశ్రాంతి తీసుకోవాలని అక్కడి అధికారులే చెబుతారు. మీ పట్టికలో మాత్రం దిగిన సాయంత్రమే శాంతి స్తూపం, మర్నాడు పొద్దున్నే 5,359 మీటర్ల ఖర్దుంగ్ లా కనుమ! (ప్రపంచంలోకెల్లా ఎత్తైన మోటారు రోడ్డని మీ కరపత్రం ఇంకా గొప్పలు పోతోంది. అదే లద్దాఖ్‌లో ఉమ్లింగ్ లా 5,798 మీటర్లు. అదైనా దిద్దుకోండి.) తల పగిలిపోతోందని ముందురోజు రాత్రే మీ గైడుకు చెప్పాను. “అందరికీ ఇలాగే ఉంటుంది మేడమ్, వెల్లుల్లి సూప్ తాగండి” అన్నారు.

కనుమ మీద వాంతులు పట్టుకున్నాయి, అడుగులు తడబడ్డాయి. “ప్రతి వాహనంలో ఆక్సిజన్ సిలిండర్” అన్నారుగా, అబద్ధం ఆడను, సిలిండర్ ఉంది. సీటు కింద నుంచి లాగి చూస్తే ముల్లు సున్నా మీద ఉంది. తెగిన మాస్కు పట్టీని ఎవరో పిన్నీసుతో బిగించారు. తోటివారిని వెనక బండిలో సర్ది, ఎవరి అనుమతీ అడగకుండా నన్ను లేహ్‌కు తిరిగి దించింది మీ డ్రైవరే. ఆయనను మందలించారని విన్నాను. మీరు మందలించాల్సింది మీ గైడును.

ఆసుపత్రిలో ఆక్సిమీటర్ నా రక్తంలో ప్రాణవాయువు 64 శాతమేనని చూపించింది. కోలుకున్నా పైకి వెళ్లవద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. ఇక మీరిచ్చిన గది మూడో అంతస్తులో, లిఫ్టు లేదు. నాలుగు మెట్లెక్కి గోడ పట్టుకుని నిలబడే నన్ను చూసి హోటల్ యజమానురాలే కింది గదిలోకి మార్చారు, ఉప్పు టీ నాకు సహించదని బార్లీ జావ కాచి ఇచ్చారు. ఆమె జావకు పైసా తీసుకోలేదు. మీరు మాత్రం ‘అదనపు బస’ అని బిల్లు వేశారు. మీ హెల్ప్‌లైన్‌కు చెబుదామంటే బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ లద్దాఖ్‌లో పనిచేయదు. చలికోట్ల గురించి అరపేజీ రాసిన మీకు ఈ ఒక్క మాట రాయడానికి చోటు లేకపోయింది.

వెళ్లని నుబ్రా, పాంగాంగ్ బసల సొమ్ము, అదనపు గది అద్దె, ఆసుపత్రి ఖర్చు పదిహేను రోజుల్లో తిరిగి చెల్లించండి. రసీదులు, డిశ్చార్జి పత్రం, సిలిండర్ ఫోటో జతచేశాను. లేదంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 2019 చట్టం ప్రకారం నేనుండే ఊళ్లోనే కేసు వేయవచ్చు. వివాదాలన్నీ మీ ప్రధాన కార్యాలయం ఉన్న నగరంలోనే తేల్చుకోవాలన్న సన్నక్షరాల షరతు నా దగ్గర చెల్లదు.

వచ్చే సీజన్ పట్టిక మీ వెబ్‌సైట్‌లో చూశాను. రెండో రోజు ఇంకా ఖర్దుంగ్ లాయే ఉంది. డబ్బు సంగతి తేలేలోగా ముందు దాన్ని మార్చండి.

ఇట్లు,
మీ లద్దాఖ్ యాత్రికురాలు,
హనుమకొండ